ఎర్ర కొమ్మలో మిగిలిన తోక

నేను ఒక రాతను. దస్తావేజు మీది రాతను కాను, దెబ్బ తగిలినప్పుడల్లా మీరు తిట్టుకునే నుదుటి రాతను అసలే కాను. ద్రాక్ష తీగ తన ప్రతి కణంలోనూ చుట్టలు చుట్టి దాచుకునే డీఎన్‌ఏ దారం మీద పదివేల అక్షరాల పొడవున పరుచుకుని ఉన్న రాతను. చదువుకున్నవాళ్లు నన్ను రెట్రోట్రాన్స్‌పోజాన్ అంటారు. మీకు నోరు తిరగకపోతే నాకేం నష్టం లేదు. గెంతుడు జన్యువు అని కూడా అంటారట, అది వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. నేను ఎక్కడికీ గెంతను. కూర్చున్న చోటి నుంచి ఒక్క అక్షరం కూడా కదలను. వెళ్లేది నా నకలు.

ముందే చెబుతున్నాను, మీరంటే నాకు గిట్టదు. మీలో చిలుకమ్మ అనే మనిషంటే మరీ గిట్టదు. ఎందుకో చెబుతాను, వినండి.

కణంలో ఒక పద్ధతి ఉంది. దారం మీద ఆకుకో రాత, పులుపుకో రాత, రంగుకో రాత ఉంటాయి. పని పడినప్పుడు ఆ రాతకు ఆర్‌ఎన్‌ఏ అనే చిత్తుప్రతి తీస్తారు. ఆ ప్రతి కేంద్రకం దాటి బయటికి పోతుంది. దాన్ని చూసి అక్కడ ప్రోటీను తయారుచేస్తారు. పని అయ్యాక ప్రతిని చింపేస్తారు. బయటికి పోయింది మళ్లీ లోపలికి రాకూడదు. ఇది ఆ ఇంటి కట్టుబాటు.

నేను దాన్ని ఖాతరు చేయను. నా ఆర్‌ఎన్‌ఏ ప్రతి కూడా అందరిలాగే తలవంచుకుని బయటికి పోతుంది. పోయి, నాకు కావలసిన పనిముట్లు ఆ కణం చేతే చేయించుకుంటుంది. వాటిని ఎలా చేయాలో నాలోనే రాసి ఉంది మరి. ఆ తరవాత ఒక చిన్న గుల్లలో దూరి పనిని తలకిందులుగా మొదలుపెడుతుంది. డీఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ రాయడం లోకమంతా చేసేదే. నా ప్రతి ఆర్‌ఎన్‌ఏ చూసి డీఎన్‌ఏ రాస్తుంది. ఆ కొత్త రాత దొడ్డిదారిన కేంద్రకంలోకి వచ్చి, దారాన్ని ఎక్కడో ఒక చోట తెంపి, ఆ తెగిన చోట ఇరుక్కుని కూర్చుంటుంది. దొంగ ఇల్లు మారితే పాత ఇల్లు ఖాళీ అవుతుంది. నాకు పాత ఇల్లూ ఉంటుంది, కొత్త ఇల్లూ ఉంటుంది.

ఇలా నకలు తీసుకున్నప్పుడు తల, తోక పొల్లుపోకుండా ఒకేలా వస్తాయి. అదే రాత ఆ చివరా ఉంటుంది, ఈ చివరా ఉంటుంది. అందమే అనుకున్నాను చాలాకాలం. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెప్పను.

అసలు ద్రాక్ష నల్లనిది. ఎన్నడో, మీ ఊళ్లు పేర్లు పెట్టుకోక ముందు, నా నకలొకటి ఒక తీగలో రంగు రాత గుమ్మానికి అడ్డంగా వచ్చి కూర్చుంది. ఆ రాతను చదవడానికి ఇక ఎవరికీ దారి లేకపోయింది. అయితే కణంలో దారాలు జంటగా ఉంటాయి, ఒకదాన్ని మూస్తే చాలదు. తరాలు గడిచి, నేను కూర్చున్న దారాలే రెండూ కలిసిన గింజ ఒకటి మొలిచింది. ఆ తీగకు తెల్ల ద్రాక్ష కాసింది.

మీరు దాన్ని చూసి మురిసి ముక్కలయ్యారు. నేను చేసిన విధ్వంసాన్ని దేవుడిచ్చిన వరం అన్నారు. ద్రాక్షను మీరు గింజ వేసి పెంచరు, కొమ్మ ముక్క కోసి నాటుతారు. ఏ ముక్క నాటినా అదే తీగ, అందులో అదే నేను. ఒంటెల మీద, ఓడల్లో, తడిగుడ్డల్లో చుట్టి నన్ను దేశదేశాలు మోశారు. నా చేత్తో నేను తీసుకున్న నకళ్ల కంటే మీరు కష్టపడి తీసిపెట్టినవే ఎక్కువ. ఒక్కడైనా మూటలో ఏముందో చూసుకోలేదు. అలా మోసుకొచ్చి హైదరాబాదులో ఒక నవాబు తోటలో దించారు. అక్కడి మాలీ తన కోడలి చేతికి కత్తెర ఇచ్చి, తీగను ఎక్కడ కొయ్యాలో, చిగురు వేసే కన్నులు ఎన్ని వదలాలో నేర్పాడు. ఆ కోడలే చిలుకమ్మ.

ఈ కథ జరిగేనాటికి ఆమెకు యాభై దాటాయి. మామ పోయాడు, మొగుడూ పోయాడు, మామ కత్తెర మాత్రం మిగిలింది. నగరానికి ఉత్తరాన రాళ్లగూడ అనే ఊళ్లో బాల్‌రెడ్డి అనే పటేలు తోటలో పని. రాతి కడీలు పాతి, ఇనుప తీగెలు లాగి కట్టిన పందిరి అది. నిలబడితే గుత్తులు నెత్తికి తగులుతాయి. ఆ పందిట్లోని ప్రతి మొక్కనూ ఒకే తల్లి తీగ నుంచి ముక్కలు కోసి నాటింది చిలుకమ్మే. చుట్టుపక్కల రైతులు కొత్త తోట వేయాలంటే బాల్‌రెడ్డి దగ్గరికే వచ్చేవారు. అక్కడి ముక్కల్లో కల్తీ ఉండదని పేరు. ఆ పేరు తనదేనని బాల్‌రెడ్డి ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

ఏటా చైత్రంలో కత్తిరింపు మొదలుపెట్టే రోజున కత్తెరకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. మొదటి కోత చిలుకమ్మ చేతి మీదుగానే పడాలి. ఆమె చెయ్యి మంచిదని అందరికీ గురి. నాకు ఆ చెయ్యి నచ్చేది కాదు. తీగను పట్టుకున్న క్షణంలోనే అది ఏ కొమ్మ, ఏ ఏడు పుట్టింది, ఎక్కడ నొప్పి ఉంది అన్నీ పసిగట్టే చెయ్యి. అలాంటి చేతికి ఏదో ఒకరోజు నేను దొరకకపోనని అనిపించేది.

దొరకడం వేరే విధంగా జరిగింది. మూడో వరుస చివరి తీగలో, ఒక కన్నులోపలి ఒకే ఒక్క కణంలో, దారం మెలిక పడింది. నా తల వచ్చి నా తోకను ఆనుకుంది. రెండూ ఒకటే రాత కదా, కణం పొరబడింది. రెండూ ఒకటే అనుకుని అతికించేసి, మధ్యలో ఉన్న నన్నంతా ఊడబెరికి బయట పారేసింది. గుమ్మంలో చిన్న తోక మాత్రం మిగిలింది. ఆ కన్ను నుంచి పుట్టిన కొమ్మ అంతటా జంట దారాల్లో ఒకదాని మీద నేను లేను. గుమ్మం తెరుచుకుంది. అంత కాలం తరవాత రంగు రాతను ఎవరో చదివారు.

ఫాల్గుణంలో ఆ కొమ్మకు ఎర్ర ద్రాక్ష కాసింది. నా సిగ్గు గుత్తులు గుత్తులుగా వేలాడింది. తక్కిన కొమ్మల్లోంచి దాన్ని చూడలేక చచ్చాను.

కోత కోసినవాళ్లు చూసుకోకుండా ఒక ఎర్ర గుత్తిని తెల్లవాటితో కలిపి పెట్టెలో సర్దారు. మార్కెట్లో పదిమంది రైతుల ముందు వ్యాపారి ఆ గుత్తిని పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏంది పటేలా, కల్తీ లేని తోటన్నవ్, గిదేంది?" అని నవ్వాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

బాల్‌రెడ్డి ఆ పెట్టెను అక్కడే విసిరికొట్టి, తోటకు వచ్చి జీపు దిగీ దిగకముందే చిలుకమ్మను పిలిపించాడు. పందిట్లోకి తీసుకుపోయి ఎర్ర కొమ్మను చూపించాడు.

"ఎక్కడిదో కన్ను దెచ్చి అంటుగట్టినవ్. నా పేరు మన్నుల గలిపినవ్ గదనే!"

"అంటుగడితే ముడి ఉంటది పటేలా," అంది చిలుకమ్మ. "చెయ్యి వెట్టి సూడు. నున్నగున్నది కొమ్మ."

"ముప్పయ్యేండ్ల సంది కడుతున్నవ్. ముడి కనవడకుంట కట్టుడు నీకు రాదా?"

ఎంత పనిమంతురాలైతే అంత పెద్ద దొంగ అయిపోయింది. మీ న్యాయం నాకు భలే నచ్చింది ఆరోజు. కత్తెర అక్కడ పెట్టి పొమ్మన్నాడు. అది మామది అని ఆమె అంటుండగానే చేతిలోంచి లాక్కున్నాడు. తోటలోంచి మొక్క కాదు కదా, ఆకు పోయినా పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఊళ్లో ఇంకే రైతూ ఆమెను పనికి పిలవలేదు. అంటు కట్టే మనిషికి కల్తీ చేసిందన్న పేరు వస్తే ఇక ఆ చేతిని ఎవరు తోటలోకి రానిస్తారు?

ఆమె ఏడుస్తూ కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. మార్కెట్టుకు నడిచిపోయి, బాల్‌రెడ్డి విసిరేసిన పెట్టె వెతికి, వాడిపోయిన ఆ ఎర్ర గుత్తిని కొంగులో కట్టుకుంది. బస్సెక్కి ద్రాక్ష పరిశోధన కేంద్రానికి పోయింది. గేటు దగ్గర రెండు రోజులు కూర్చున్నాక తస్నీమ్ అనే శాస్త్రవేత్త ఆమెను లోపలికి పిలిచింది. గుత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలా ఒక్కోసారి తీగ తనంతట తానే మారుతుందని చెప్పిందట. కానీ కోసిన గుత్తి సాక్ష్యానికి పనికిరాదు, బతికున్న కొమ్మ కావాలి, వచ్చే నెల తానే వస్తానని మాటిచ్చింది.

వచ్చే నెల అంటే కత్తిరింపు నెల, బాల్‌రెడ్డి ఆ కొమ్మను అప్పటిదాకా ఉండనివ్వడు. చిలుకమ్మకు ఆ సంగతి తెలుసు. తిరిగొచ్చిన మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం, కూలీలంతా బువ్వ తినడానికి పోయినప్పుడు, ముళ్లకంచె సందులోంచి పందిట్లోకి దూరింది. కత్తెర లేదు కదా, కూరగాయల కత్తి తెచ్చింది. ఎర్ర కొమ్మలో బాగా ముదిరిన పుల్ల ఒకటి చూసి, నాలుగు కన్నులుండేలా కోసి, తడిగుడ్డలో చుట్టి నడుముకు చెక్కుకుంది. నేను పక్క కొమ్మలో నుంచి చూస్తూనే ఉన్నాను. దొంగ దొంగ అని అరవాలని నాకు ఎంత ఉందో! నోరు లేకపోయింది. ఇంటికి పోయి ఒక పాత నూనె డబ్బాలో ఇసుక, ఎరువు కలిపి దాన్ని నాటి, పైన గంప బోర్లించింది.

కత్తిరింపు రోజు వచ్చింది. ఆ ఏడు కొబ్బరికాయ కొట్టింది, మొదటి కోత కోసింది బాల్‌రెడ్డే. చిలుకమ్మ కత్తెరతోనే కోశాడు. మొదటి వరుస నుంచి మొదలుపెట్టాల్సిన మనిషి తిన్నగా మూడో వరుస చివరికి పోయి, ఎర్ర కొమ్మను మొదలంటా నరికి, గట్టు మీదికి ఈడ్పించి నిప్పు పెట్టించాడు. అది చిటపటలాడుతూ కాలుతుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ తోటలో నన్ను గెంటేసిన ప్రతి కణమూ బూడిదైంది. బాల్‌రెడ్డి మొదటిసారి నాకు ముద్దొచ్చాడు.

వారం తిరిగాక తస్నీమ్ జీపులో వచ్చింది. ఆమె వస్తోందని తెలిసి చుట్టుపక్కల రైతులు కూడా పందిరి కింద చేరారు. చిలుకమ్మ గేటు బయట నిలబడింది, లోపలికి అడుగు పెట్టే హక్కు ఆమెకు లేదు.

"కొమ్మ ఎక్కడ పటేల్ సాబ్?" అని అడిగింది తస్నీమ్.

బాల్‌రెడ్డి గట్టు మీది బూడిద చూపించాడు. "రోగమొచ్చిన కొమ్మ మేడం. కాలవెట్టినం."

"అయ్యో! ఇంకేం చూస్తాను మరి?" అంటూ ఆమె తన సంచి మూసుకుంది. రైతులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను చిలుకమ్మనే చూస్తున్నాను. డబ్బా సంగతి చెప్పిందా, దొంగతనం తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. చెప్పలేదా, కల్తీ చేసిన మనిషిగానే చస్తుంది. రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే.

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఓడిపోయి పోతోందనుకున్నాను. కాసేపటికి నూనె డబ్బాను చంకన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఆగలేదు. తిన్నగా లోపలికి వచ్చి పందిరి నడుమ దించింది. పుల్ల చిగిర్చి మూడు ఆకులు వేసింది.

"సూసిండ్రా? దొంగ దొరికింది!" అని బాల్‌రెడ్డి కేక వేశాడు. "నా తోటలకెళ్లి దొంగిలించుకపోయింది!"

"అవు పటేలా, దొంగతనమే," అంది చిలుకమ్మ. "నా పానం పోతుంటె గీ ఒక్క పుల్ల దొంగిలిచ్చిన. దానికి ఏం శిచ్చ ఏస్తవో ఎయ్యి, పడుత. కల్తీ మాత్రం చెయ్యలే. చెయ్యనిదానికి నేను పడ."

తస్నీమ్ వంగి, అందరూ చూస్తుండగా డబ్బాలోని మొక్క నుంచి ఒక ఆకు, మూడో వరుస తెల్లతీగ నుంచి ఒక ఆకు కోసి, వేరువేరు సంచుల్లో వేసి మూతులు అంటించింది. ఇద్దరు రైతుల చేత సంతకాలు పెట్టించింది. అలా నేను తోట వదిలి ప్రయోగశాలకు పోయాను. అక్కడ నాకు జరిగిన అవమానం చెప్పను. నూరారు, ఉడికించారు, కరెంటు పెట్టి పరుగెత్తించారు. చివరికి ఒక నల్లటి ఫోటో మీద రెండు గీతలుగా మిగిలాను. పెద్ద గీత నిండు నేను. చిన్న గీత నా తోక.

తొలకరి పడ్డాక తస్నీమ్ ఆ ఫోటో పట్టుకుని రాళ్లగూడకు వచ్చింది. అవే కడీల నడుమ, అవే మనుషుల ముందు చెప్పింది.

"ఈ రెండు ఆకులూ అన్ని చోట్లా ఒక్కటే. ఒక్క దగ్గర తేడా ఉంది. మీ తెల్లతీగలో రంగు జన్యువు ముందు ఒకటి అడ్డం కూర్చుంది. ఈ ఎర్ర మొక్కలో అది లేచిపోయింది, పోతూ పోతూ తోక వదిలిపెట్టింది. బయటినుంచి తెచ్చిన మామూలు ఎర్ర ద్రాక్షయితే అక్కడ ఈ తోక ఉండదు. దీని అర్థం, ఈ కొమ్మ మీ తీగకే పుట్టింది. ఎవరూ అంటు కట్టలేదు, ఎవరూ కల్తీ చేయలేదు."

వెనక నుంచి ఒక ముసలి రైతు అన్నాడు. "అంటె బాల్‌రెడ్డి కాలవెట్టింది తన తోటల పుట్టిన కొత్త రకాన్నా?"

బాల్‌రెడ్డి మొహం నల్లబడింది. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది, అది ఆయన నోట రాలేదు. చెయ్యి చాపాడు.

"సరే. ఆ డబ్బా ఇటియ్యి. నా తోటల పుట్టింది నాదే."

చిలుకమ్మ డబ్బాను దగ్గరికి లాక్కుంది. "నీది నువ్వు కాలవెట్టుకున్నవ్ పటేలా. బూడిద ఆడ్నే ఉన్నది, తీస్కో. నా మామ కత్తెర నాకియ్యి."

ఆయన ఇవ్వకపోయేవాడేమో. కానీ అందరూ ఆయన్నే చూస్తున్నారు. లోపలికి పోయి కత్తెర తెచ్చి, ఆమె చేతికివ్వకుండా నేల మీద పెట్టాడు. ఆమె వంగి తీసుకుని, తుప్పు పట్టిందేమోనని రెక్కలు తెరిచి చూసుకుని, డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. బాల్‌రెడ్డి పోయాక ఆ తోటను ప్లాట్లు చేశారు. ఒక వేసవి పొద్దున పసుపుపచ్చ బుల్‌డోజర్ వచ్చి కడీలను పడగొట్టి, తెల్లతీగలను వేళ్లతో సహా పెకిలించి కుప్ప వేసింది. నేను ఆ కుప్పలో ఎండి పొయ్యిలోకి పోయాను. అక్కడి ముక్కలతో వేసిన చుట్టుపక్కల తోటలూ ఒక్కొక్కటే అలాగే పోయాయి. ఆ పందిరికి సంబంధించి ఇప్పుడు ప్రాణంతో ఉన్నవి చిలుకమ్మ డబ్బా మొక్కకు పుట్టిన ఎర్ర తీగలే. ఆ ఫోటో సంగతి విన్నాక పక్క ఊరి రైతు ఒకరు ఆమెను పిలిచి ఇచ్చిన మెట్ట చెలకలో నాలుగు వరుసల పందిరి అది. వాటిలో ఒక దారం మీద నేను నిండుగానే కూర్చుని ఉన్నాను. జంట దారం మీద తోకనై ఉన్నాను. ఆ తోటలోని నన్ను బతికించింది ఆమె చేసిన ఆ ఒక్క దొంగతనమే. అసలును కాల్చేలోగా నకలు తీసి ఇంకో చోట నాటుకోవడం నా విద్య. నా మీదే ప్రయోగించింది ముసల్ది. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మొన్న చైత్రంలో ఒక కొత్త రైతు ముక్కల కోసం వచ్చాడు. పుల్లను చేతిలో తిప్పుతూ, "కల్తీ లేదు గద అవ్వా?" అని అడిగాడు.

చిలుకమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. అయినా కత్తెర ఆపకుండా జవాబిచ్చింది. "లేదు బిడ్డ. లోపట తోకున్నది, ఎన్నడు వొయ్యేది గాదు. నమ్మకపోతె మేడంను అడుగు."

ఆ తోక నాది. ఆమె కోసే ప్రతి ముక్కలో, నాటే ప్రతి చోట, ఆమె తప్పు చేయలేదని అది చెబుతూనే ఉంటుంది. ఆమెకు మేలు చేయాలని నేను ఏనాడూ అనుకోలేదు, ఆ సంగతి మాత్రం మీరు ఎక్కడైనా రాసిపెట్టండి.